హ్యాండిలుకు కట్టిన తువ్వాలు

ఆ ఫారంలో రెండే గళ్లు ఉన్నాయి. మొదటి గడిలో "యంత్రలోపం" అని, రెండో గడిలో "మానవ తప్పిదం" అని అచ్చు వేసి ఉంది. ఏదో ఒకదానికి టిక్కు పెట్టాలి. కింద "సంక్షిప్త కారణం" అని రెండు గీతల ఖాళీ వదిలారు. కరెంటు ఆఫీసు ఏఈ గారు రెండో గడిలో టిక్కు పెట్టుకునే మా ఇంటికి వచ్చారు. కారణం కూడా పెన్సిలుతో రాసుకొచ్చారు: "మృతుడి స్వీయ నిర్లక్ష్యం." మా సంతకాలు పడితే దాన్ని ఇంకుతో దిద్దుతారు.

మృతుడు నా తమ్ముడు మధుబాబు. ముప్పై నాలుగేళ్లు. పదకొండేళ్లుగా లైన్‌మన్. నేను ఈ ఊరి హైస్కూల్లో సైన్సు టీచర్ని. ఉద్యోగంలో చేరిన మొదటి సంవత్సరం ఎనిమిదో తరగతిలో మధు నా విద్యార్థి. ఇంట్లో అక్కా అనేవాడు, బడిలో టీచర్ అనేవాడు. అతను పోయి ఇరవై ఆరు రోజులైంది.

"ముందు ఆ చోటు చూడాలి" అన్నాను. "సంతకం తర్వాత."

"చూసేదానికి ఏముంది మేడం? ఫోటోలు పెట్టినాం కదా."

"ఆ రోజు జరిగింది జరిగినట్టు చేసి చూపించండి. పైన మనిషి లేకుండా."

ఏఈ గారు సాయం కోసం భవాని వైపు చూశారు. భవాని మధు భార్య. ఆమె గోడ వైపు తిరిగి కూర్చుని ఉంది.

"వదినా, ఆ నిర్లక్ష్యం అనే మాట రాయొద్దని చెప్పు" అంది, అలాగే గోడతో చెబుతున్నట్టు. "ఇంకేం రాసుకుంటారో రాసుకోమను. రేషను కాడ అదే మాట, మంచినీళ్ల ట్యాంకు కాడ అదే మాట. వాడి ప్రాణం వాడే తీసుకున్నాడంట. ఇంక కాగితం మీద కూడానా."

ఏఈ గారు ఫారం మడిచి శనివారం రమ్మన్నారు.

*

శనివారం పదకొండు గంటలకు హరినాథ్ రొయ్యల గుంటల గట్టు మీద నిలబడ్డాం. చిట్టమూరు రోడ్డు వదిలి సముద్రం వైపు మళ్లితే కనుచూపు మేర గుంటలే. హరినాథ్‌వి ఎనిమిది. వాళ్ల నాన్న కాలంలో అవి వరి మళ్లు. హరినాథ్ కూడా నా దగ్గర చదివినవాడే. ఎనిమిదిలో అతనూ మధూ ఒకే బెంచీ మీద కూర్చునేవారు.

గుంటలో నీటిని చిలికి గాలి ఎక్కించే చక్రాలుంటాయి. ఏరియేటర్లు అంటారు. కరెంటు పోయి అవి ఆగితే పావుగంటలో రొయ్యలు పైకి రావడం మొదలుపెడతాయి. గంట గడిస్తే అన్నీ చచ్చి తేలి గుంట తెల్లబడుతుంది. అందుకని ప్రతి వరుసకూ ఒక జనరేటరు, ప్రతి జనరేటరుకూ ఒక కాపలా మనిషి ఉండేవారు.

ఇక్కడ పన్నెండేళ్లు కాపలా ఉన్నది పిచ్చమ్మ. కరెంటు పోగానే ఆమె షెడ్డులోంచి బయటికి వచ్చేది. ఇక్కడ కరెంటు పోతూ వస్తూ ఉంటుంది గనక వెంటనే డీజిలు కాల్చకుండా పది నిమిషాలు ఆగేది. ఆగినంతసేపూ ట్రాన్స్‌ఫార్మరు స్తంభం వైపు చూసేది. స్తంభం కింద లైను తెంచే స్విచ్చుకు ఒక ఇనుప హ్యాండిలు ఉంటుంది. దానికి గుడ్డ కట్టి ఉందంటే పైన మనిషి ఉన్నట్టు. ఆ మనిషి దిగి తన చేత్తో గుడ్డ విప్పేదాకా ఆమె జనరేటరు ముట్టుకునేది కాదు. గుడ్డ లేకపోతే, జనరేటరు కరెంటు లైనులోకి పోకుండా ఫ్యూజులు మూడూ పీకి పక్కన పెట్టి అప్పుడు వేసేది.

ఈ గుడ్డ సంగతి ఏ పుస్తకంలోనూ లేదు. గుంటలు తవ్విన కొత్తలో, సెల్‌ఫోన్లు రాకముందు, ఎవరో లైన్‌మన్ భుజం మీది తువ్వాలు తీసి హ్యాండిలుకు ముడేసి ఎక్కాడట. చుట్టుపక్కల అందరికీ అదే అలవాటైంది. కాపలాకు కొత్తగా వచ్చినవాళ్లకు మొదట నేర్పేది అదే. ముందు గుడ్డ చూడు, తర్వాత జనరేటరు.

ఈ ఏడు హరినాథ్ ఒక ఆటోమేటిక్ ప్యానెలు కొన్నాడు. గోడకు తగిలించే ఇనప్పెట్టె. కరెంటు పోతే తనే నిమిషాలు లెక్కపెట్టుకుని తనే జనరేటరు వేస్తుంది. దాన్ని ఒక ఆదివారం పూట బిగించింది మా మధే. సెలవు రోజుల్లో గుంటల మీద వైరింగు పనులు చేసేవాడు. జనరేటరు కరెంటు వెనక్కి లైనులోకి పోకుండా తెంచే స్విచ్చు ఒకటి ఆ ప్యానెలుకు తోడు ఉండాలి. అది నెల్లూరులో దొరకలేదు. వచ్చే ఆదివారం పెడతానన్నాడు. అది లేకుండానే ప్యానెలు పనిలోకి దిగింది. సోమవారం హరినాథ్ పిచ్చమ్మను ఇంటికి పంపేసి, ఆ సంగతి మధుకు ఫోన్లో చెప్పాడు. తర్వాతి మూడు రోజుల్లో కరెంటు ఒక్కసారి కూడా పది నిమిషాలు పోలేదు.

గురువారం మధ్యాహ్నం ట్రాన్స్‌ఫార్మరు పైన తీగ వదులై నిప్పురవ్వలు రాలుతున్నాయని ఫోను వస్తే మధు వెళ్లాడు. హ్యాండిలు కిందికి లాగాడు. కరెంటు ఆగింది. తువ్వాలు కట్టాడు. ఎక్కాడు. పది నిమిషాలకు జనరేటరు స్టార్టయింది. కరెంటు గుంటల వైపు నుంచి వెనక్కి ట్రాన్స్‌ఫార్మరులోకి, అక్కణ్ణించి పైకి వెళ్లింది.

మేత వేసే మనిషి ఎనిమిదో గుంట దగ్గర ఉన్నాడు. అతను తల ఎత్తేసరికే అంతా అయిపోయింది.

*

శనివారం ఏఈ గారి వెంట హజరత్తయ్య వచ్చాడు. అతనూ లైన్‌మన్, మధుకంటే పెద్దవాడు. ఫ్యూజులు మూడూ పీకి జేబులో వేసుకున్నాడు. తర్వాత హ్యాండిలు లాగాడు. గుంటల్లో చక్రాలు ఒకటొకటిగా ఆగాయి. షెడ్డులో ప్యానెలు మీద ఎర్ర అంకెలు వెలిగి తగ్గడం మొదలుపెట్టాయి.

నేను సంచిలోంచి తువ్వాలు తీశాను. నీలం గళ్లది. ఒక అంచు లేదు. ఆ రోజు ఎవరూ ముడి విప్పకపోతే పోలీసులు కోసి తీశారు.

"అదెందుకు టీచర్‌గారూ?" అన్నాడు హరినాథ్.

"ఆ రోజు ఉంది కదా."

హ్యాండిలుకు కట్టాను. ముడి వదులుగా వచ్చింది. విప్పి మళ్లీ కట్టాను.

"మా రూల్సులో గుడ్డ లేదు మేడం" అన్నారు ఏఈ గారు. "ఎక్కేముందు లైనుకు ఎర్తు రాడ్డు తగిలించాల, కరెంటు వచ్చినా భూమిలోకి పోయేదానికి. అది రూలు. తగిలించి ఉంటే ఈపాటికి మనం ఇక్కడ ఎండలో నిలబడేవాళ్లం కాదు."

"రాడ్డు మా సెక్షను మొత్తానికి ఒకటే సార్" అన్నాడు హజరత్తయ్య. "ఆ రోజు అది వేరే ఊళ్లో ఉండాది."

"నిన్నడిగినానా?"

"లేదు సార్. రాడ్డు గూడా నన్నడిగి పోలా."

ఏఈ గారు ఫారం ఉన్న ఫైలును తల మీద నీడకు పెట్టుకున్నారు.

హరినాథ్ నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. మధు పోయిన రోజు అతనే కారులో గూడూరు ఆసుపత్రికి తీసుకుపోయాడు. మూడు రోజులు మా వాకిట్లోనే ఉన్నాడు. ఆ మూడు రోజులూ అతనికి మంచినీళ్లు కూడా ఇవ్వలేదు నేను.

"నా మీద మీకు కోపముండాది. నాకు తెలుసు."

"పిచ్చమ్మను ఎందుకు పంపినావు?"

"ఎందుకేంది టీచర్‌గారూ. పోయినేడు ఆమెకు జొరమొచ్చి పడుకుంటే రెండు గుంటలు పోయినయ్. తెల్లారి వచ్చి చూస్తే నీళ్ల మీద దుప్పటి పరిచినట్టు ఉండాది. ఆమెను ఒక్క మాట అన్లా నేను. మనిషన్నాక జొరమొస్తది, నిద్రొస్తది, కూతురి కాన్పుకు పోవాలంటది. ప్యానెలుకు ఇవేవీ లేవు. అందుకే కొన్నా. ఇందులో తప్పేముండాది, చెప్పండి."

"ప్యానెల్లో పది నిమిషాలు అని ఎవరు పెట్టారు?"

"నేను చెప్పినా, మధు పెట్టినాడు. పిచ్చమ్మ ఎంతసేపు ఆగేదో అంతే పెట్టరా అన్నా."

"ఆ పది నిమిషాలూ పిచ్చమ్మ ఏం చేసేది?"

"ఏం చేసేది, ఆకూవక్కా నమిలేది."

హజరత్తయ్య వచ్చిన నవ్వు ఆపుకున్నాడు.

"హ్యాండిలు వైపు చూసేది" అన్నాను. "పది నిమిషాలు పెట్టుకున్నారు మీరిద్దరూ. చూడడం ఎక్కడ పెట్టారు?"

హరినాథ్ కాసేపు కాలితో గట్టు మట్టి గీకాడు. తల ఎత్తినప్పుడు అతని ముఖంలో బడిలో చేయి ఎత్తే పిల్లవాడి పట్టుదల కనిపించింది.

"మీరే కదా టీచర్‌గారూ నేర్పినారు. మొదటి రోజే నోట్సు రాయించినారు. నాకు ఇప్పటికీ నోటికొచ్చు. 'పనిముట్టుకు ఉద్దేశం ఉండదు. ఉద్దేశం దాన్ని పట్టుకున్న మనిషిది.' కత్తి మంచిదా చెడ్డదా అని పరీక్షలో ఇచ్చినారు. నాకు పదికి పది వేసినారు."

"వేశాను."

"ప్యానెలూ కత్తి లాంటిదే. నా ఉద్దేశం రొయ్యలు బతకాలని. మధు ఉద్దేశం ఫ్రెండుకు సాయం చెయ్యాలని. చంపాలని ఎవురికీ లేదు. ఆ పెట్టెకు అసలు ఏమీ లేదు. ఇంక మిగిలిందేంది? అజాగర్త. అది ఎవురిదంటే పైకెక్కినోడిది. చెప్పేదానికి నాకు నోరు రావడంలా. కానీ నిజం అదే."

నోరు రాకుండానే అంత చెప్పాడు.

ఆ వాక్యం నేను రాసిందే. ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. ఇరవై రెండేళ్ల వయసులో ఉద్యోగంలో చేరి, మొదటి క్లాసుకు వెళ్లే ముందు రోజు కూర్చుని రాసుకున్నాను. బాగా వచ్చిందనుకున్నాను. అప్పటి నుంచి ప్రతి జూన్‌లో అదే రాయిస్తున్నాను. ఎంతమంది పిల్లల నోటుపుస్తకాల్లో మొదటి పేజీ అది.

దాన్ని రాయించిన మొదటి రోజే మధు లేచి నిలబడ్డాడు.

"టీచర్, కత్తి సరే. మరి ఎలకల బోను?"

"ఏమైంది ఎలకల బోనుకు?"

"దాన్ని పెట్టేసి మనం నిద్రపోతాం గదా. మనం నిద్రలో ఉంటే ఎలక పడతది. అప్పుడు దాన్ని పట్టుకున్న మనిషి ఎవురు?"

క్లాసంతా నవ్వింది. బోను పెట్టినవాళ్లే పట్టుకున్నట్టు, కూర్చో అన్నాను.

"పెట్టినోళ్లు మర్చిపోయుంటే టీచర్?"

"కూర్చోమన్నాను."

పరీక్షలో కత్తి ప్రశ్నకు వాడు మళ్లీ బోను గురించే రాశాడు. కత్తిని మనం పట్టుకుంటాం, బోను మనకు బదులు పట్టుకుంటుంది, రెండూ ఒకటి కావు అని. ప్రశ్నకు సంబంధం లేదని ఎర్ర ఇంకుతో రాసి నాలుగు మార్కులు వేశాను. టీచరు తమ్ముడు గనక ఎక్కువ వేసిందని ఎవరూ అనకూడదని ఇంకో మార్కు తగ్గించాను కూడా. ఇంటికి వచ్చాక వాడు అడగలేదు. నేనూ చెప్పలేదు.

"కత్తి పట్టుకున్నవాడు అది ఎక్కడ తెగుతుందో చూస్తాడు హరినాథ్" అన్నాను. "చూడకుండా కోసేదాన్ని నువ్వు కొన్నావు. చూసే పని ఉండకూడదనే కొన్నావు. పిచ్చమ్మ ఉన్నప్పుడూ నీ రొయ్యలు బతికాయి. అప్పుడొకసారి చచ్చాయి, నిజమే. ఈ పెట్టె వచ్చింది అక్కడ మనిషి లేకుండా చెయ్యడానికి. అది చెప్పినట్టే చేసింది. షెడ్డు దగ్గర మనిషి లేదు. స్తంభం మీదా లేడు."

"ఆ మనిషిని లేకుండా చేసింది నేనొక్కణ్ణేనా?" హరినాథ్ గొంతు పెరిగింది. "బిగించింది ఎవురు? స్విచ్చు లేకుండా నడపొచ్చు, నాలుగు రోజులు ఏం కాదులేరా అన్నది ఎవురు? నాకు కరెంటు తెలవదు టీచర్‌గారూ. వాడికి తెలుసు. పిచ్చమ్మ పొయ్యిందనీ తెలుసు. చూసే మనిషి లేదని తెలిసి గూడా గుడ్డ కట్టి ఎక్కినాడే, దాన్నేమనాల?"

నెల రోజులుగా నేను నన్ను అడుగుతున్న ప్రశ్నే అది. చెయ్యి తనకు తెలిసింది తను చేసింది. పదకొండేళ్లలో ఎన్ని వందలసార్లు కట్టిన ముడో. ఆ ముడి పడగానే ఎక్కవచ్చని కాళ్లకు తెలుసు. ముడికి అవతలి కొసన పిచ్చమ్మ ఉండేది. ఆమెను తీసేసిన పెట్టెను మూడు నాలుగు రోజుల కిందట ఆ చేతులే బిగించాయి. ఆ సంగతి చేతులకు ఇంకా అందలేదు.

"ఇంకో రెండు నిమిషాలు" అన్నారు ఏఈ గారు షెడ్డులోకి తొంగి చూసి.

*

అప్పుడు గట్టు మీద పిచ్చమ్మ వస్తూ కనిపించింది. ఆమె వాంగ్మూలం కూడా కావాలని ఏఈ గారు పదకొండుకే రమ్మన్నారు. చెప్పులు చేతిలో పట్టుకుని, ఎవరినో తిట్టుకుంటూ వస్తోంది. మమ్మల్ని ఇంకా చూడలేదు. స్తంభానికి ఇరవై అడుగుల దూరంలో ఆగింది.

తువ్వాలును చూసింది. నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూసింది. మేం నలుగురం అక్కడ అరగంటగా ఉన్నాం. తువ్వాలు కట్టాక తల ఎత్తి పైకి చూసినవాళ్లు మాలో ఒక్కరూ లేరు. కట్టిన నేను కూడా చూడలేదు.

"ఎవురయ్యా పైన?" అంది.

ఎండకు ఆమెకు సరిగా ఆనడం లేదు. షెడ్డు వైపు తిరిగి గొంతు పెంచింది. "జనరేటరు ఎయ్యబాకండి. మనిషుండాడు."

"ఎవురూ లేరు పిచ్చమ్మా" అన్నాడు హరినాథ్. "ఊరికే కట్టినారు."

"ఊరికే కడతారా ఎవురన్నా? ఏం మాటలబ్బయా అవి."

జనరేటరు దగ్గినట్టు ఒకసారి కదిలి స్టార్టయింది. ఎనిమిది గుంటల్లో చక్రాలన్నీ ఒక్కసారి నీళ్లు చిమ్మాయి.

పిచ్చమ్మ చెప్పులు వదిలేసి షెడ్డులోకి పరిగెత్తింది. అరవై దాటిన మనిషి. పన్నెండేళ్లు జనరేటరు ఆపిన లీవరు కోసం గోడ తడిమింది. అక్కడ పెట్టె ఉంది. దేన్ని నొక్కాలో తెలియక అరచేత్తో దాన్ని బాదింది. "ఆపు అబ్బయా, ఆపు, మనిషుండాడంటే ఇనపడదా" అంటూ బాదుతూనే ఉంది. హరినాథ్ వెళ్లి ఆమె రెండు చేతులూ పట్టుకుని, ఒక బొత్తాం నొక్కాడు. అది ఆగింది.

హజరత్తయ్య జేబు మీద చెయ్యి వేసి ఫ్యూజులు ఉన్నాయో లేదో చూసుకున్నాడు. మూడూ ఉన్నాయి. అయినా స్తంభం పైకి చూస్తూ నిలబడ్డాడు.

పిచ్చమ్మ బయటికి వచ్చి హ్యాండిలు దగ్గరికి నడిచింది. కోసిన అంచు పట్టుకుని చూసింది.

"ఇది మధుబాబుది గదా" అంది. గట్టు మీద కూర్చుని చెప్పులు తొడుక్కుంది.

*

"ప్యానెలు పది నిమిషాలకు కరెక్టుగా వేసింది" అన్నారు ఏఈ గారు ఫైలు తెరుస్తూ. ఆయన గొంతు ఇందాకటి కంటే తగ్గింది. "లోపం లేదు. మొదటి గడి కుదరదు మేడం. మిగిలింది రెండోదే."

"రెండూ వదిలేయండి. పెన్సిలు రాత చెరిపేయండి. నేను చెప్పింది వెనక పేజీలో రాయండి."

"వెనక పేజీకి విలువ లేదు."

"అయితే నా సంతకానికీ లేదు."

ఆయన హజరత్తయ్య వైపు చూశారు, హరినాథ్ వైపు చూశారు. పిచ్చమ్మ వైపు చూడలేదు. కాగితం తిప్పి పెన్ను తీశారు. "పైనోళ్లు ఒప్పుకోకపోతే నన్నడగొద్దు."

క్లాసులో డిక్టేషను చెప్పినట్టు ఒక్కొక్క వాక్యం ఆగి చెప్పాను.

స్విచ్చు హ్యాండిలుకు తువ్వాలు కట్టి ఉంది. తువ్వాలు చూసి జనరేటరు వేయకుండా ఆగే మనిషి పిచ్చమ్మ. ఆమెను తీసేసి ప్యానెలు పెట్టారు. పెట్టించినది హరినాథ్. బిగించినది మధుబాబు. తువ్వాలును చూసేవారు ఇక లేరని ఇద్దరికీ తెలుసు. ఎక్కేటప్పుడు మధుబాబు అది మరిచాడు.

"నా పేరెందుకు?" అన్నాడు హరినాథ్.

"పక్కనే నా తమ్ముడి పేరుంది."

"వాడు పొయ్యినాడు. వాడికేం. నేను ఈ ఊళ్లో బతకాల." ఆ మాట అన్నాక అతనికే ఎలాగో అయింది. కానీ వెనక్కి తీసుకోలేదు. "ఇద్దరి పేర్లే ఎందుకు టీచర్‌గారూ, మూడోది గూడా రాయించండి. మాకు ఆ వాక్యం నేర్పింది ఎవురో."

ఏఈ గారు పెన్ను ఎత్తి నా వైపు చూశారు.

"దానికి వెనక పేజీలో కూడా చోటు లేదు" అన్నాను.

హరినాథ్ మాట మార్చి, కరెంటు వెనక్కి పోకుండా తెంచే ఆ స్విచ్చు వచ్చిందని, పోయిన వారం పెట్టించానని, ఇప్పుడు భయం లేదని ఏఈ గారికి చెప్పాడు. ప్యానెలు తీసేది లేదని కూడా చెప్పాడు. ఆయన తల ఊపారు.

"సరే, హ్యాండిలు ఎత్తు" అన్నారు హజరత్తయ్యతో. "గుంటలు ఆగి చానాసేపైంది."

హజరత్తయ్య కదల్లేదు. "గుడ్డ ఉండాది సార్."

"తీసెయ్."

"దిగినోడే విప్పాల సార్. నేను ముట్టుకోను."

"రూల్సులో గుడ్డ లేదని చెప్పినానా?"

"చెప్పినారు. మీరే విప్పండి సార్."

ఏఈ గారు రెండడుగులు వేసి ఆగిపోయారు. గుంటల్లో నీళ్లు కదలకుండా ఉన్నాయి. ఒకచోట రొయ్యలు పైకి వచ్చి మీసాలు తేల్చడం మొదలైంది. హరినాథ్ వాటి వైపు, తువ్వాలు వైపు మార్చి మార్చి చూస్తున్నాడు. షెడ్డులోకి వెళ్లి ఆ బొత్తాం మళ్లీ నొక్కవచ్చు. నొక్కలేదు. వెళ్లి ముడి విప్పవచ్చు. అదీ చెయ్యలేదు. అతను ఆ రెంటిలో ఏదీ చెయ్యకపోవడం నేను చూశాను. అది చూడకుండా ఉంటే నా కోపం నాకు సులువుగా ఉండేది.

"టీచరమ్మా" అంది పిచ్చమ్మ కూర్చున్నచోటి నుంచే. "ఇంటోళ్లు విప్పొచ్చు."

వెళ్లి విప్పాను. గట్టిగా కట్టానేమో, గోరు విరిగింది. తువ్వాలు మడిచి సంచిలో పెట్టుకున్నాను. ఎవరో అడిగినట్టు, "దిగాడు" అన్నాను హజరత్తయ్యతో. అతను ఫ్యూజులు పెట్టి హ్యాండిలు ఎత్తాడు.

*

కాగితం మీద భవాని సంతకం కూడా కావాలి. మంగళవారం లోపు ఇవ్వమని ఏఈ గారు నా చేతికే ఇచ్చారు. ఆ సాయంత్రం ఆమెకు చదివి వినిపించాను.

"బిగించినది మధుబాబు అని నువ్వే చెప్పినావా?"

"చెప్పాను."

"వాళ్లు అడగలేదు గదా."

"లేదు."

"నువ్వు అక్కవేనా వదినా?"

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. వండింది, నాకు పెట్టింది, మాట్లాడలేదు.

సోమవారం ఎనిమిదో తరగతిలో నోటుపుస్తకాల మొదటి పేజీ తీయమన్నాను. అక్కడున్న వాక్యాన్ని కొట్టేయమన్నాను. పిల్లలు తప్పు రాశామేమోనని ఒకరి పుస్తకం ఒకరు చూసుకున్నారు. వినయంగా ఉండే ఒక పిల్ల, దాని బదులు ఏం రాయాలి టీచర్ అంది. ఎలకల బోను ప్రశ్న రాసుకోమని చెప్పాను. జవాబు అడిగారు. నాకు ఇంకా తెలియదన్నాను.

మంగళవారం పొద్దున బడికి బయల్దేరుతుంటే భవాని గుమ్మంలో అడ్డం నిలబడి చెయ్యి చాచింది. కాగితం ఇచ్చాను. నిలబడే చదువుకుంది. ఆమె చదువు పదో తరగతి. ఒక్కొక్క వాక్యం దగ్గర పెదాలు ఆగాయి. చివరి వాక్యం రెండుసార్లు చదివింది.

"మరిచాడు అని ఉండాది" అంది. "నిర్లక్ష్యం అని లేదు."

"లేదు."

"ఎవురైనా మరుస్తారు."

గోడకు ఆనించి సంతకం పెట్టింది. గంగాభవాని అని పూర్తిగా, కలిపి రాయకుండా ఒక్కొక్క అక్షరం. కాగితం నాకు తిరిగి ఇచ్చి, నా ముఖం కాకుండా చేతిలోని సంచిని చూస్తూ అంది:

"నువ్వు రాయించింది నిజమే వదినా. నాకు మాత్రం ఇష్టం లేదు."